కమీనో నడిచే గురువు రోజూ పూజ చేయాలంటే ఏం సిద్ధం చేసుకోవాలి?

ఫాదర్ గారూ, మీరు జర్మనీలో విచారణ గురువుగా (ఒక పారిష్ బాధ్యత చూసే కథోలిక గురువుగా) ఉన్నారనీ, వచ్చే వేసవిలో స్పెయిన్‌లోని కమీనో అనే యాత్రా మార్గంలో, అపోస్తలుడు యాకోబు సమాధి ఉన్న శాంతియాగో దాకా నడవాలనుకుంటున్నారనీ రాశారు. మీ సందేహాలు మూడు. పూజ (మాస్) సామాన్లు మోసుకెళ్లాలా? దారిలో గుళ్లు తెరిచి ఉంటాయా? ఒక్కరోజు కూడా తప్పకుండా పూజ చేయడం కుదురుతుందా?

నేను ఆ దారిలో రెండుసార్లు నడిచాను. మొదటిసారి ఫ్రాన్స్ సరిహద్దు ఊరు సెయింట్ జాన్ పియె ద పోర్ నుంచి సుమారు 780 కిలోమీటర్లు, రెండోసారి లియోన్ నుంచి 310 దాకా. రోజూ పూజ చేయడం కుదురుతుంది. దానికి సామాను కన్నా ముందు చేతిలో సరైన కాగితం ఉండాలి, ఏ సాయంత్రం ఏ ఊళ్లో ఆగాలో లెక్క ఉండాలి. సామాను మూడోది.

గుణదల తిరునాళ్లకు మన ఊళ్ల నుంచి జనంతో నడిచినప్పుడు పూజ పెట్టె ఎక్కడుందో నేను ఎప్పుడూ చూసుకోలేదు. వెనక ఆటోలో ఉపదేశి గారు అన్నీ తెచ్చేవారు. కమీనోలో అలా ఉండదు. చెంబు దగ్గర్నుంచి కొవ్వొత్తి దాకా మన వీపు మీదే. శరీరం బరువులో పదో వంతు కన్నా ఎక్కువ మోయొద్దని నడిచినవాళ్లంతా చెబుతారు. డెబ్బై కిలోల మనిషికి ఏడు కిలోలు. అందులో బట్టలు, నీళ్లు, స్లీపింగ్ బ్యాగ్ పోగా పూజకు మిగిలేది కిలో, మహా అయితే కిలోన్నర.

ముందు కాగితం సంగతి. మీరు కథోలిక గురువనీ, పూజ చేయడానికి మీకు అడ్డేమీ లేదనీ మీ పీఠాధిపతి (బిషప్) రాసిచ్చే పత్రం, సెలెబ్రెత్. శ్రీసభ చట్టంలో 903వ నియమం ప్రకారం, అది ఏడాది లోపు ఇచ్చినదైతే, మిమ్మల్ని ఎరగని గుడిలో కూడా పూజకు అనుమతించాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నా పత్రానికి పద్నాలుగు నెలలు. ఎవరు చూస్తారులే అనుకున్నాను. నాలుగో రోజున ఒక ఊళ్లో విచారణ గురువు తేదీ చూసి, చాలా మర్యాదగా, "మన్నించండి ఫాదర్" అని పత్రం మడిచి తిరిగి ఇచ్చేశారు. ఆ సాయంత్రం నేను బెంచీలో కూర్చుని పూజ విన్నాను. బాధ కలిగింది గానీ తప్పు నాదే. ముక్కూ మొహం తెలియని మనిషిని బలిపీఠం దగ్గరికి రానివ్వడానికి ఎంత ఆలోచించాలో ఈ రోజుల్లో మనందరికీ తెలుసు. ఫ్రాన్స్‌లో అయితే 2023 నుంచి గురువులకు బ్యాంకు కార్డు సైజులో క్యూఆర్ కోడ్ ఉన్న కార్డులే ఇస్తున్నారు.

కాబట్టి బయలుదేరే నెలలోనే కొత్త పత్రం తీసుకోండి. ఫొటో, సీలు, తేదీ ఉండాలి. జర్మన్‌లో ఒక్కటే ఇస్తే పల్లెటూళ్లో ఎవరికీ అర్థం కాదు, స్పానిష్‌లోనో లాటిన్‌లోనో కూడా రాయించండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి పాస్‌పోర్టుతో పాటు ఒంటి మీదే ఉంచుకోండి. ఫోన్‌లో ఫొటో కూడా ఉంటే మంచిది, కానీ అది అసలుకు బదులు కాదు.

సెలవు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. విచారణ గురువుకు ఏడాదికి సెలవు ఒక నెలకు మించకూడదని 533వ నియమం. మొత్తం దారికి మామూలు నడకతో 33 నుంచి 35 రోజులు పడుతుంది, రానూపోనూ ప్రయాణం అదనం. ఏడాది వడకానికి (ఏకాంత ధ్యానానికి) వెళ్లే రోజులు ఆ నెలలో కలపరు. కాబట్టి మీ పీఠాధిపతితో ముందే మాట్లాడి ఎలా లెక్కేస్తారో తేల్చుకోండి. లేదా లియోన్ నుంచి మొదలుపెట్టండి, రెండు వారాల్లో అయిపోతుంది. ఇంకోటి, ఆదివారాల్లో మీ విచారణ ప్రజల కోసం అర్పించాల్సిన పూజ బాధ్యత మీరు నడుస్తున్నా మీ మీదే ఉంటుంది. ఎవరికైనా అప్పగించారా, మీరే దారిలో అర్పిస్తారా అన్నది ముందే తేల్చుకోండి. పూజ కోరికలు రాసుకోవడానికి ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోండి. నేను బయలుదేరుతున్నానని తెలిసి మా ఊళ్లో వాళ్లు ఫోన్లో చెప్పిన పేర్లే మూడు పేజీలు అయ్యాయి.

ఇక సంచి. దుకాణాల్లో ప్రయాణ పూజ పెట్టెలు అమ్ముతారు, తోలు పెట్టె, లోపల వెల్వెట్, ఇత్తడి సామాను. చూడ్డానికి బాగుంటాయి, కారులో వెళ్లేవారికి సరే. నడిచేవారికి వద్దు. పెట్టె ఒక్కటే ముప్పావు కిలో తూగుతుంది. నేను చిన్న వెండి పూత పానపాత్ర, దాని మీద మూతలా కూర్చునే పళ్లెం తీసుకెళ్లాను. రెండూ కలిపి 280 గ్రాములు. వాటిని ఒక కొత్త ఉన్ని సాక్సులో దోపి, బట్టల మధ్యలో పెట్టేవాణ్ని. సత్రంలో దొరికే గాజు గ్లాసుతో సరిపెట్టుకోవచ్చు కదా అని ఒక స్నేహితుడు అడిగాడు. కుదరదు. పగిలే గాజు, మట్టి పాత్రలు వాడకూడదని 2004లో రోమ్ నుంచి వచ్చిన ఆదేశంలో స్పష్టంగా ఉంది.

వస్త్రాల్లో పల్చటి పాలియెస్టర్ ఆల్బ్ (పొడవాటి తెల్ల అంగీ), ఒకవైపు తెలుపు ఇంకోవైపు ఆకుపచ్చ ఉన్న స్టోల్ (మెడలో వేసుకునే పట్టీ) చాలు. ఇంకో గురువు నడిపే పూజలో కలిసి అర్పించేటప్పుడు, గుడిలో కాసుల (అన్నిటి పైన వేసుకునే పూజ వస్త్రం) దొరక్కపోతే, ఆల్బ్ మీద స్టోల్‌తో నిలబడొచ్చు. మీరే ఒంటరిగా అర్పించేటప్పుడు మాత్రం కాసుల కావాలి. నేను పల్చటిది ఒకటి చుట్టి పెట్టుకున్నాను, కానీ దాన్ని ఐదారుసార్లకు మించి తీయలేదు, ఎందుకంటే ప్రతి గుడిలోనూ ఉంటాయి. మన దగ్గర అలవాటైన, శాలువాలాంటి అంగవస్త్రం పద్ధతికి 1969లో అనుమతి వచ్చింది భారతదేశ మేత్రాసనాలకే (డయోసీస్‌లకే). స్పెయిన్‌లో దాన్ని వాడకండి. జూలై 25 ఆ దారిలో ఉంటే పునీత యాకోబు మహోత్సవం, ఎరుపు కావాలి. ఆ రోజు ఏ గుడిలో అడిగినా ఇస్తారు.

ద్రాక్షారసం విషయంలో నేను నేర్చుకున్నది కాస్త వివరంగా చెబుతాను. మొదటిసారి ఎర్ర రసం వంద మిల్లీలీటర్ల సీసాలో తీసుకెళ్లాను. మూడో రోజు మధ్యాహ్నం సంచి విప్పితే ఒకటే పుల్లటి వాసన. మూత సందులోంచి కారి ఆల్బ్ మీద అరచేతి కన్నా పెద్ద మరక. సబ్బుతో రుద్దితే ఊదాగా మారింది గానీ పోలేదు. చివరి దాకా ఆ మరకను మడతలో దాచుకుంటూ నిలబడ్డాను. రెండోసారి తెల్ల రసం తీసుకున్నాను. పూజ కోసమే అమ్మే తియ్యటి రసం మామూలు టేబుల్ వైన్ కన్నా ఆలస్యంగా పాడవుతుంది, మరక కూడా పడదు. 50 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాలు రెండు, మూతకు టేపు చుట్టి, ఒక్కోటి వేరే కవర్లో పెట్టండి. ఒక పూజకు చెంచాడు చాలు. విమానంలో చేతిసంచిలోనూ ఇబ్బంది ఉండదు. ఎండలో రెండు మూడు రోజులకోసారి ముక్కుతో చూసుకోండి. వెనిగర్ వాసన వస్తే అది ఇక పూజకు పనికిరాదు. దారిలో లా రియోహా ప్రాంతం మొత్తం ద్రాక్షతోటలే, సీసా ఎక్కడైనా దొరుకుతుంది. కానీ పూజకు కావాల్సింది ఏమీ కలపని ద్రాక్షారసం కాబట్టి, దుకాణంలో కొనడం కన్నా ఏదైనా గుడి సాక్రిస్టీలో (పూజ సామాన్లు ఉంచే గదిలో) అడిగి సీసా నింపుకోవడం మేలు. నన్ను ఎవరూ కాదనలేదు.

అప్పాలను (పూజలో వాడే పులియని రొట్టె బిళ్లలను) చిన్న గుండ్రటి రేకు డబ్బాలో పెట్టండి, కవర్లో పెడితే రెండో రోజుకే పొడి. పెద్దవి నాలుగు, చిన్నవి ఇరవై చాలు. అయిపోతే మఠాల్లో అడగండి, అక్కడ చాలా మఠాల్లో సిస్టర్లే అప్పాలు చేస్తారు. బేకరీ రొట్టె వద్దు, అది పులిసిన పిండి. కార్పొరల్ (పానపాత్ర, పళ్లెం కింద పరిచే గుడ్డ) ఒకటి, తుడిచే గుడ్డలు మూడు. ఆ గుడ్డలను సత్రం వాషింగ్ మెషీన్లో సాక్సులతో కలిపి వేయకండి. ముందు మీ చేత్తో నీళ్లలో జాడించి, ఆ నీళ్లు ఏదైనా చెట్టు మొదట్లో పోసి, ఆ తర్వాత ఉతకండి. రెండు చిన్న కొవ్వొత్తులు, అరచేతిలో పట్టే సిలువ. నావన్నీ కలిపి 1.3 కిలోలు వచ్చాయి.

సంచిని ఊరి నుంచి ఊరికి వ్యాన్‌లో పంపే సర్వీసులు ఆ దారిలో ఉన్నాయి. కాళ్లు బొబ్బలెక్కినప్పుడు వాడుకోండి, తప్పేమీ లేదు. పానపాత్ర, పళ్లెం మాత్రం వ్యాన్‌లో వేయకండి, చిన్న సంచిలో మీతోనే ఉండాలి.

దివ్యసత్ప్రసాదాన్ని (పూజలో ప్రతిష్ఠించిన అప్పాన్ని) కూడా వెంట తీసుకెళ్లి, దారిలో అడిగినవారికి ఇవ్వొచ్చా అని అడిగారు. మీ మనసు నాకు అర్థమైంది. కానీ వద్దు. అత్యవసర ఆధ్యాత్మిక కారణం లేకుండా ప్రయాణంలో దివ్యసత్ప్రసాదాన్ని వెంట ఉంచుకోకూడదని 935వ నియమం. ముప్పై మంది పడుకునే గదిలో, మంచం కింద సంచిలో ప్రభువును రాత్రంతా ఉంచడం ఎలా కుదురుతుంది? పూజకు ముందు వచ్చినవారిని లెక్కపెట్టి, అన్నే అప్పాలు తీసుకుని, అక్కడికక్కడే పూర్తి చేయండి.

ఇప్పుడు అసలు విషయం, గుళ్లు. దారి పొడవునా ప్రతి ఊళ్లోనూ గుడి ఉంటుంది, చాలావాటికి తాళం ఉంటుంది. ఒక్కో గురువు కింద ఎన్నో ఊళ్లు. మామూలు రోజుల్లో పూజ ఉంటే సాయంత్రం ఏడుకో ఎనిమిదికో. దీనివల్ల మనకు మేలే. పొద్దున్నే చల్లటి వేళ నడిచి, మధ్యాహ్నానికి సత్రం చేరి, స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని, కాసేపు పడుకుని, తర్వాత పూజకు వెళ్లొచ్చు. ఆ తర్వాత భోజనం. దివ్యసత్ప్రసాదానికి ముందు ఉండాల్సిన ఒక గంట ఉపవాసం గురించి టెన్షన్ ఉండదు. తెల్లవారుజామున సత్రంలో పూజ పెట్టుకోవాలని మాత్రం అనుకోకండి. నిద్రపోతున్నవారిని లేపినట్టవుతుంది, ఆకలి కడుపుతో ఇరవై ఐదు కిలోమీటర్లు ఎదురుగా ఉంటాయి.

నేను రోజూ ముందురాత్రే, రేపటి ఊళ్లో పూజ ఎన్నింటికో కనుక్కునేవాణ్ని. సత్రం నడిపేవాళ్లకు తెలుస్తుంది, గుడి తలుపు మీద కాగితం కూడా ఉంటుంది. పూజ లేని ఊరైతే, ఐదు కిలోమీటర్లు అటో ఇటో మార్చుకునేవాణ్ని. రోంసెస్‌వాయెస్‌లో సాయంత్రం పూజ తర్వాత యాత్రికులను ముందుకు పిలిచి ఆశీర్వదిస్తారు, అక్కడ తప్పక ఆగండి. కర్రియోన్‌లో నేను ఉన్న రాత్రి అగస్తీనియన్ సిస్టర్లు గిటార్‌తో యాత్రికులందరి చేత పాడించారు. రబనాల్‌లో బెనెడిక్టన్ మఠం చిన్నది, 2001లో మొదలైంది. సాయంకాల ప్రార్థన గ్రెగోరియన్ స్వరంలో పాడుతుంటే నేను ఇంకో రోజు ఆగిపోయాను. ఆ ఒక్క చోట ఒక రోజు అదనంగా పెట్టుకోండి.

కష్టం బుర్గోస్, లియోన్ మధ్య మెసెత పీఠభూమిలో. అక్కడ గోధుమ చేలు తప్ప ఏమీ కనబడవు, ఊళ్లలో మనుషులు తక్కువ. అలాంటి ఒక ఊళ్లో గుడికి తాళం. బార్‌లో అడిగితే, నీలం తలుపు ఇంట్లో పెద్దావిడ దగ్గర తాళంచెవి ఉంటుందన్నారు. తలుపు తట్టి, వచ్చిన రెండు ముక్కల స్పానిష్‌లో, "సోయ్ సథెర్దోతె" (నేను గురువును) అని పత్రం చూపించాను. ఆవిడ పత్రం చూడనే లేదు, నా కాళ్లు చూసింది. చెప్పుల్లోంచి బ్యాండేజీలు కనబడుతున్నాయి. లోపలికి వెళ్లి ఏప్రన్ తీసేసి, నల్ల కార్డిగాన్ వేసుకుని, జానెడు పొడవున్న ఇనుప తాళంచెవి పట్టుకొచ్చింది. వాళ్ల విచారణ గురువుకు తనే ఫోన్ చేసి నాతో మాట్లాడించింది. ఆయన సరేనన్నాక తలుపు తీసి, బలిపీఠం మీది గుడ్డను అరచేత్తో రెండుసార్లు నిమిరి, మొదటి బెంచీలో కూర్చుంది. ఆ పూజలో మేమిద్దరమే. నేను తెలుగులో పూజ చేశాను. 928వ నియమం ప్రకారం లాటిన్‌లోగానీ, శ్రీసభ ఆమోదించిన పాఠాలున్న మరో భాషలోగానీ చేయొచ్చు. ఆవిడ స్పానిష్‌లో జవాబులు చెప్పింది. ఎక్కడా తడబడలేదు.

న్యాయమైన కారణం లేకుండా కనీసం ఒక్క విశ్వాసి అయినా లేనిదే గురువు పూజ చేయకూడదని 906వ నియమం. దారిలో దాన్ని నియమంగానే కాక సలహాగా కూడా తీసుకోండి. గదిలో ఒంటరిగా గోడవైపు తిరిగి చేసే ముందు, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. సత్రంలో కథోలికులు ఎవరైనా ఉన్నారా అని అడగండి. ఓ సెబ్రెయ్‌రో కొండ మీద గుడిలో 12వ శతాబ్దపు పానపాత్ర ఒకటి ఉంది. 1300 ప్రాంతంలో మంచు తుఫానులో ఒకే ఒక్క రైతు పూజ కోసం కొండెక్కి వచ్చాడట. ఈ రొట్టె ముక్క కోసం ఇంత దూరం రావాలా అని పూజ చేస్తున్న గురువు మనసులో చులకనగా అనుకున్నాడట. అప్పుడే అప్పం మాంసంగా, రసం రక్తంగా మారాయని అక్కడివాళ్లు చెబుతారు. ఆ గుడిలో మీరు పూజ చేస్తే ఆ పాత్రను చూసి రండి. దారంతా మీకు కనబడే పసుపు బాణాలు వేయడం మొదలుపెట్టిన ఎలియాస్ వలీన్యా కూడా అక్కడి విచారణ గురువే. 1989లో చనిపోయారు.

గుడి బయట పూజ చేయాల్సి వస్తే, 932వ నియమం ప్రకారం తగిన చోటు, తగిన బల్ల, దాని మీద గుడ్డ, కార్పొరల్ ఉండాలి. సత్రం వంటగది బల్ల మీద చేయాల్సి వస్తే భోజనాల వేళ కాకుండా చూసుకోండి, నడిపేవారిని ముందే అడగండి. మతం నచ్చనివారు కూడా ఆ సత్రాల్లోనే ఉంటారు, వాళ్ల చోటు ఆక్రమించకూడదు. ఆరుబయట అయితే గాలి చూసుకోండి. ఒకసారి మేం ఎనిమిది మంది కొండ పక్కన పూజ చేసుకుంటుంటే గాలికి కార్పొరల్ మూల లేచింది. పళ్లెం జరగకుండా చెయ్యి అడ్డం పెట్టగలిగాను. నడిపూజ (అప్పరసాలను ప్రతిష్ఠించే ఘట్టం) దాకా రాలేదు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి గోడ చాటు లేనిదే ఆరుబయట చేయలేదు. నాలుగు గుండ్రాళ్లు కడిగి కార్పొరల్ మూలల మీద పెట్టేవాణ్ని.

కలిసి పూజ అర్పించడానికి భాష కొంచెం కావాలి. మొత్తం స్పానిష్ నేర్చుకోనక్కర్లేదు. రెండో కృతజ్ఞతా ప్రార్థనను స్పానిష్‌లో ప్రింట్ తీసుకుని, అందరూ కలిసి చెప్పే భాగాన్ని బయలుదేరే ముందు రోజూ గట్టిగా చదవండి. ఊళ్లలో మామూలు రోజుల్లో ఎక్కువగా అదే వాడతారు. "పుయేదో కొన్‌సెలెబ్రార్?" (నేనూ కలిసి పూజ అర్పించవచ్చా?) అని అడగండి, పూజకు ఇరవై నిమిషాల ముందే సాక్రిస్టీలో ఉండండి. షార్ట్స్, దుమ్ము బూట్లతో వెళ్లి గురువునని చెబితే ఎవరైనా తటపటాయిస్తారు. ఒక పల్చటి క్లెరికల్ షర్టు, శుభ్రమైన ప్యాంటు, తేలికపాటి చెప్పులు సాయంత్రాల కోసం విడిగా ఉంచుకోండి. పగిలిన బొబ్బలతో మోకరించడం కష్టమనిపిస్తే లోతుగా వంగి నమస్కరించండి, ఎవరూ తప్పు పట్టరు.

చిన్న స్టోల్ ఒకటి మాత్రం సంచిలో కాక జేబులో ఉండాలి. మీకు పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినే అధికారం మీ పీఠాధిపతి నుంచి శాశ్వతంగా ఉంటే, స్థానిక పీఠాధిపతి కాదంటే తప్ప, అన్నిచోట్లా చెల్లుతుంది. ఆ దారిలో అది రోజూ అవసరమవుతుంది. పూజ గురించి నేను ఎంత ప్లాన్ చేసుకున్నానో దీని గురించి అంత ఆలోచించలేదు. ఇరవై ఏళ్లుగా గుడికి వెళ్లనివాళ్లు, పక్కపక్కనే నడుస్తూ, ముఖం చూడక్కర్లేదు కాబట్టి మొదలుపెడతారు. ముందు భార్య గురించి, ఉద్యోగం గురించి. రెండు గంటల తర్వాత ఆగి, మీరు ఫాదరా అని అడుగుతారు. దగ్గర్లో గుడి ఉంటే అక్కడికి తీసుకెళ్లండి. లేకపోతే ఒక రాతి మీద కూర్చోబెట్టి వినండి. ఆ రోజు నడవాల్సిన దూరం తగ్గినా ఫరవాలేదు.

శాంతియాగోలో ధ్రువపత్రం కావాలంటే కనీసం వంద కిలోమీటర్లు నడిచి అక్కడికి చేరాలి, యాత్రికుల కార్డులో రోజుకు రెండు ముద్రలు వేయించుకోవాలి. గుడిలో పూజ చేస్తే అక్కడి ముద్ర కూడా వేయించుకోండి. జూలై 25 ఆదివారం వచ్చే ఏడాది అక్కడ పవిత్ర సంవత్సరం, తర్వాతిది 2027. ఆ ఏడాది వెళితే సత్రాల్లో మంచాలకు, సాక్రిస్టీలో చోటుకు కూడా రద్దీ ఉంటుంది. కథెడ్రల్‌లోకి సంచితో రానివ్వరు, ముందే ఎక్కడైనా పెట్టి రండి. మధ్యాహ్నం పన్నెండు గంటల యాత్రికుల పూజలో కలవాలంటే, చేరిన రోజే పరుగెత్తకండి. ఆ రాత్రి పడుకుని, మర్నాడు పదకొండుకల్లా పత్రం, ఆల్బ్, స్టోల్ తీసుకుని సాక్రిస్టీకి వెళ్లండి.

పూజ అయ్యాక బలిపీఠం కింద మెట్లు దిగి అపోస్తలుని సమాధి దగ్గరికి వెళ్లొచ్చు. వెనక లైను ఉంటుంది, ఎక్కువసేపు నిలబడనివ్వరు. నేను నోటుబుక్‌లోని మూడు పేజీల పేర్లూ ముందే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను, అక్కడ వెలుతురు తక్కువ. మీరూ అలాగే రాసుకోండి.